హోస్ట్ కంప్యూటర్, వర్చువల్ మెషిన్ మధ్య ఫైళ్లు పంపడం: మొదటి నుంచి చివరి దాకా

విండోస్ మీద వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని, అందులో ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకున్నవాళ్లు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఇక్కడున్న ఫైలు అక్కడికి ఎలా పంపాలి? మౌస్‌తో లాగితే పోదు. కాపీ చేసి పేస్ట్ కొడితే రాదు. షేర్డ్ ఫోల్డర్ పెడితే తెరవడానికి అనుమతి లేదంటుంది. చివరికి చాలామంది ఆ ఫైలును తమకు తామే మెయిల్ చేసుకుంటున్నారు. ఒకే కంప్యూటర్‌లో ఉన్న రెండు చోట్ల మధ్య ఫైలు కదలడానికి ఇంటర్నెట్ చుట్టి రావాల్సిన పని లేదు.

కింద చెప్పేదంతా విండోస్ 11, వర్చువల్‌బాక్స్ 7, ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ కలిసి ఉన్న సెటప్ గురించి. హోస్ట్ అంటే మీ అసలు కంప్యూటర్, గెస్ట్ అంటే దాని లోపల నడిచే వర్చువల్ మెషిన్ (వీఎం). వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల కోసం 10వ భాగంలో తేడాలు ఇచ్చాను. కమాండ్లను పలికినట్టుగా తెలుగులో రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెప్తాను.

## 1. ముందు తేల్చుకోవాల్సింది

ఏ పద్ధతి మంచిదని అడిగేముందు ఈ మూడింటికి జవాబు చెప్పుకోండి.

- ఎన్ని ఫైళ్లు, ఎంత సైజు? ఒకటి రెండు డాక్యుమెంట్లా, వేల చిన్న ఫైళ్లున్న ప్రాజెక్టా, పది జీబీ వీడియోనా?
- ఒక్కసారి పంపితే అయిపోతుందా, రోజూ పంపుకోవాలా?
- గెస్ట్‌లో ఉన్నదాన్ని మీరు నమ్ముతున్నారా? అనుమానంగా ఉన్న ప్రోగ్రాంని పరీక్షించడానికే వీఎం పెట్టుకున్నారా?

మూడో ప్రశ్నను ఎక్కువమంది వదిలేస్తారు. అసలు ముఖ్యమైనది అదే. మీ జవాబు "నమ్మను" అయితే నేరుగా 9వ భాగానికి వెళ్లండి, మధ్యలో చెప్పినవి మీకు వద్దు.

నమ్మకమైన గెస్ట్‌కి, రోజువారీ పనికి షేర్డ్ ఫోల్డర్ సరిపోతుంది. పెద్ద ఫైళ్లు, ప్రాజెక్టులు, సర్వర్ లాంటి గెస్ట్ అయితే ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ ద్వారా గెస్ట్‌లోకి భద్రంగా కనెక్ట్ అయ్యే పద్ధతి) మేలు. ఈ రెండూ వస్తే మిగతావాటి అవసరం చాలా అరుదుగా పడుతుంది.

## 2. సిద్ధం చేసుకోవాల్సినవి

- హోస్ట్‌లో ఈ పనికోసమే ఒక కొత్త ఫోల్డర్. సీ డ్రైవ్ మొత్తాన్నో, డాక్యుమెంట్స్ ఫోల్డర్‌నో, వన్‌డ్రైవ్‌తో సింక్ అయ్యే చోటునో షేర్ చేయొద్దు.
- ఆ ఫోల్డర్‌కి ఖాళీలు లేని, చిన్న ఇంగ్లిషు పేరు. తర్వాత టెర్మినల్‌లో తిప్పలు తప్పుతాయి.
- గెస్ట్ డిస్క్‌లో చోటు. జిప్ పంపి లోపల విప్పాలంటే జిప్ సైజు, విప్పాక వచ్చే సైజు రెండూ కలిపి పట్టాలి. డీఎఫ్ -హెచ్ అని కొడితే ఎంత మిగిలిందో కనిపిస్తుంది.
- గెస్ట్ యూజర్ పేరు, పాస్‌వర్డ్.
- గెస్ట్ అడిషన్స్ (హోస్ట్‌తో కలిసి పనిచేయడానికి గెస్ట్‌లో ఎక్కించే వర్చువల్‌బాక్స్ సాఫ్ట్‌వేర్) ఎక్కించేముందు ఒక స్నాప్‌షాట్, అంటే వీఎం అప్పుడున్న స్థితిని దాచిపెట్టుకోవడం.

స్నాప్‌షాట్ గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. పాత స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్తే, ఆ తర్వాత గెస్ట్ డిస్క్‌లోకి తెచ్చుకున్న ఫైళ్లన్నీ పోతాయి. షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్నవి మాత్రం అలాగే ఉంటాయి, ఎందుకంటే అవి ఉన్నది హోస్ట్ డిస్క్‌లో. షేర్డ్ ఫోల్డర్‌లో పొరపాటున చెరిపేసింది స్నాప్‌షాట్‌తో వెనక్కి రాదు కూడా. వెనక్కి వెళ్లేముందు కావాల్సినవి బయటికి తీసుకున్నారో లేదో చూసుకోండి.

## 3. గెస్ట్ అడిషన్స్ ఎక్కించడం

షేర్డ్ ఫోల్డర్, క్లిప్‌బోర్డ్, డ్రాగ్ అండ్ డ్రాప్, మూడూ దీని మీదే ఆధారపడి ఉన్నాయి. ఇది సరిగ్గా ఎక్కకుండా మిగతా సెట్టింగులు ఎన్ని మార్చినా ఉపయోగం ఉండదు.

1. గెస్ట్‌లో టెర్మినల్ తెరిచి సుడో ఏపీటీ అప్‌డేట్ కొట్టండి. సుడో అంటే ఆ కమాండ్‌ని అడ్మిన్ అధికారంతో నడపమని.
2. సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ తర్వాత బిల్డ్-ఎసెన్షియల్, డీకేఎంఎస్ అనే రెండు ప్యాకేజీల పేర్లు ఇవ్వండి.
3. నడుస్తున్న కెర్నల్‌కి (లినక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రాం) సరిపోయే హెడర్స్ అనే ఫైళ్లు కావాలి. యూనేమ్ -ఆర్ కొడితే కెర్నల్ వెర్షన్ వస్తుంది. "లినక్స్-హెడర్స్-" తర్వాత ఆ వెర్షన్‌ని యథాతథంగా అతికించి ఆ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయండి.
4. వీఎం విండో పైన డివైసెస్ మెనూలో "ఇన్సర్ట్ గెస్ట్ అడిషన్స్ సీడీ ఇమేజ్" నొక్కండి.
5. గెస్ట్‌లో కనిపించే సీడీని తెరిచి, అందులోని ఆటోరన్ ఫైలును నడపండి. పాస్‌వర్డ్ అడుగుతుంది.
6. సీడీని ఎజెక్ట్ చేసి, గెస్ట్‌ని రీస్టార్ట్ చేయండి.

ఎక్కిందో లేదో తెలుసుకోవడానికి తేలికైన గుర్తు ఉంది. వీఎం విండోను పెద్దది, చిన్నది చేసి చూడండి. గెస్ట్ స్క్రీన్ కూడా దానితోపాటు సర్దుకుంటే ఎక్కినట్టే. 

ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు కెర్నల్ మాడ్యూల్స్ తయారు కాలేదని వస్తే, దాదాపు ఎప్పుడూ కారణం మూడో అడుగు వదిలేయడమే. వర్చువల్‌బాక్స్‌ని కొత్త వెర్షన్‌కి మార్చిన ప్రతిసారీ గెస్ట్ అడిషన్స్‌ని కూడా కొత్తది ఎక్కించండి. నిన్నటిదాకా పనిచేసి ఈరోజు ఆగిపోయిందంటే ముందు చూడాల్సింది ఇదే.

## 4. షేర్డ్ ఫోల్డర్

1. వీఎం ఆపి ఉన్నప్పుడు సెట్టింగ్స్‌లో షేర్డ్ ఫోల్డర్స్‌కి వెళ్లి, కుడివైపు కూడిక గుర్తున్న ఫోల్డర్ బొమ్మ నొక్కండి.
2. ఫోల్డర్ పాత్ దగ్గర మీరు తయారుచేసిన ఫోల్డర్‌ని ఎంచుకోండి.
3. ఫోల్డర్ నేమ్ దగ్గర చిన్న పేరు ఇవ్వండి. ఇక్కడ "బదిలీ" అనుకుందాం, మీరు ఇంగ్లిషు అక్షరాల్లో రాయండి.
4. ఆటో-మౌంట్‌కి టిక్ పెట్టండి.
5. గెస్ట్ నుంచి ఏమీ బయటికి రాయాల్సిన పని లేకపోతే రీడ్-ఓన్లీకి కూడా టిక్ పెట్టండి.
6. వీఎం నడుస్తుండగా ఇదంతా చేస్తే "మేక్ పర్మనెంట్" అని ఇంకో గడి కనిపిస్తుంది. దానికి టిక్ పెట్టకపోతే వీఎం ఆపగానే ఈ షేర్ మాయమవుతుంది.

ఇప్పుడు గెస్ట్‌లో మీడియా అనే ఫోల్డర్ కింద, మీరిచ్చిన పేరుకి ముందు "ఎస్‌ఎఫ్_" తగిలించి ఒక ఫోల్డర్ వస్తుంది. తెరవబోతే అనుమతి లేదంటుంది. ఎక్కువమంది ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. ఏమీ పాడవలేదు. ఆ ఫోల్డర్ సొంతదారు రూట్ (లినక్స్‌లో అన్ని అధికారాలూ ఉన్న యూజర్), దాన్ని చూడగలిగే గ్రూపు పేరు "వీబాక్స్‌ఎస్‌ఎఫ్". మీ యూజర్ ఆ గ్రూపులో లేరు, అంతే.

7. సుడో అడ్‌యూజర్, ఆ తర్వాత మీ యూజర్ పేరు, ఆ తర్వాత వీబాక్స్‌ఎస్‌ఎఫ్ కొట్టండి.
8. గెస్ట్‌ని రీస్టార్ట్ చేయండి. ఒట్టి లాగౌట్‌తో ఒక్కోసారి కొత్త గ్రూపు పట్టుకోదు.
9. గ్రూప్స్ అని కొట్టి, జాబితాలో ఆ పేరు వచ్చిందో లేదో చూడండి.

అనుమతి లేదన్న కోపంతో ఫోల్డర్‌కి సీహెచ్‌మాడ్ 777 (అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే కమాండ్) కొట్టేవాళ్లున్నారు. షేర్డ్ ఫోల్డర్ మీద అది పనిచేయదు. ఇక ప్రతిదానికీ సుడో వాడి కాపీ చేస్తే, లోపలికి వచ్చిన ఫైళ్లకు రూట్ సొంతదారై కూర్చుంటుంది, తర్వాత వాటిని సేవ్ చేయడానికి కూడా వీలుకాదు. అప్పటికే అలా చేసి ఉంటే సుడో సీహెచ్‌ఓన్ -ఆర్ (ఇక్కడ ఆర్ పెద్ద అక్షరం) తర్వాత మీ యూజర్ పేరు, ఫోల్డర్ పేరు ఇచ్చి సొంతదారుని మార్చుకోండి.

గెస్ట్ కూడా విండోస్ అయితే ఈ గ్రూపుల గొడవే లేదు. ఆటో-మౌంట్ పెట్టిన షేర్ ఒక డ్రైవ్ అక్షరంతో ఎక్స్‌ప్లోరర్‌లో కనిపిస్తుంది.

## 5. షేర్డ్ ఫోల్డర్‌లో చేయకూడని పనులు

షేర్డ్ ఫోల్డర్‌ని ఇంటి అరుగులా వాడుకోండి. సామాను దింపేది అక్కడ, వాడేది ఇంట్లో. ఫైలును అక్కడికి తెచ్చి, గెస్ట్‌లోని మీ హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, పని లోపల చేయండి. పనంతా అక్కడే చేస్తే వచ్చే ఇబ్బందులు ఇవి.

ప్రాజెక్టు ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతుంది. షేర్డ్ ఫోల్డర్‌లో సింబాలిక్ లింకులు (ఇంకో ఫైలుకి దారి చూపే షార్ట్‌కట్ లాంటివి) తయారుచేయడానికి వర్చువల్‌బాక్స్ మామూలుగా ఒప్పుకోదు. నోడ్ ప్రాజెక్టులో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొడితే ఎర్రర్ వచ్చేది అందుకే. సెట్టింగ్ మార్చి ఒప్పించవచ్చు, కానీ ఆ కట్టుబాటు భద్రత కోసం పెట్టింది. ప్రాజెక్టుని లోపలికి మార్చడమే సరైన పని.

గిట్ (కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే టూల్) అన్ని ఫైళ్లూ మారాయంటుంది. ఫైలు అనుమతులు షేర్డ్ ఫోల్డర్‌లో అసలు రూపంలో నిలవవు, ఆ తేడానే గిట్ మార్పుగా లెక్కేస్తుంది. గెస్ట్ లోపలే క్లోన్ చేయండి.

హోస్ట్‌లో సేవ్ చేసినా గెస్ట్‌లో ప్రోగ్రాం గమనించదు. ఫైలు మారిందని లినక్స్ ఇచ్చే సమాచారం షేర్డ్ ఫోల్డర్ దాటి రాదు. ఆటో రీలోడ్ పనిచేయకపోతే టూల్‌లో పోలింగ్ (ఫైలు మారిందేమోనని పదేపదే తనే చూసుకోవడం) ఆన్ చేయాలి. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ పాత పేజీనే చూపిస్తుంటే దాని సెట్టింగ్స్‌లో సెండ్‌ఫైల్ ఆఫ్ చేయండి.

డేటాబేస్ పాడయ్యే ప్రమాదం. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ డేటా ఫోల్డర్లను షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టకండి. డేటాబేస్‌కి కావాల్సిన లాకింగ్, రాసింది డిస్క్‌కి చేరిందన్న భరోసా ఇక్కడ దొరకవు.

వేల చిన్న ఫైళ్లుంటే ముందే టార్ అనే కమాండ్‌తో మూటకట్టి ఒకే ఫైలుగా పంపండి. ఎంతో వేగంగా పోతుంది. లినక్స్ నుంచి లినక్స్‌కి వెళ్లేవైతే అనుమతులూ చెక్కుచెదరవు.

## 6. క్లిప్‌బోర్డ్, డ్రాగ్ అండ్ డ్రాప్

డివైసెస్ మెనూలో షేర్డ్ క్లిప్‌బోర్డ్, డ్రాగ్ అండ్ డ్రాప్ రెండింటినీ "బైడైరెక్షనల్" చేయవచ్చు. టెక్స్ట్ కాపీ చేసుకోవడానికి క్లిప్‌బోర్డ్ చాలా బాగుంటుంది.

డ్రాగ్ అండ్ డ్రాప్ మీద మాత్రం ఆధారపడొద్దని నా గట్టి సలహా. ఒకసారి పోతుంది, ఇంకోసారి పోదు. పెద్ద ఫైలు మధ్యలో ఆగితే ఎంత వచ్చిందో తెలియదు. ఉబుంటు వేలాండ్ (స్క్రీన్‌ని నడిపే కొత్త పద్ధతి, ఎక్సార్గ్ పాతది) సెషన్‌లో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. తప్పదనుకుంటే లాగిన్ స్క్రీన్‌లో కుడివైపు కింద ఉండే పళ్లచక్రం గుర్తు నొక్కి "ఉబుంటు ఆన్ ఎక్సార్గ్" ఎంచుకుని లాగిన్ అవ్వండి.

## 7. ఎస్‌ఎస్‌హెచ్ దారి

దీనికి గెస్ట్ అడిషన్స్ అక్కర్లేదు. డెస్క్‌టాప్ లేని సర్వర్ గెస్ట్‌లోనూ ఇలాగే పనిచేస్తుంది. రేపు క్లౌడ్ సర్వర్‌కి ఫైళ్లు పంపాల్సి వచ్చినా పద్ధతి ఇదే, అందుకే ఒక పూట కేటాయించి నేర్చుకోమంటాను.

మామూలుగా వీఎం నెట్‌వర్క్ న్యాట్ మోడ్‌లో ఉంటుంది. గెస్ట్ బయటికి వెళ్లగలదు, హోస్ట్ మాత్రం నేరుగా లోపలికి రాలేదు. గెస్ట్ ఐపీ 10.0.2.15 అని చూసి దానికి కనెక్ట్ అవ్వబోయి విఫలమయ్యేవాళ్లు చాలామంది. ఆ అడ్రస్ హోస్ట్‌కి అందదు. ఒక పోర్టు దారి తెరవాలి.

1. గెస్ట్‌లో సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్ కొట్టండి.
2. వీఎం సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, అడాప్టర్ 1, న్యాట్ ఉందో చూసి పోర్ట్ ఫార్వర్డింగ్ నొక్కండి. కనిపించకపోతే సెట్టింగ్స్‌ని ఎక్స్‌పర్ట్ మోడ్‌కి మార్చండి.
3. కొత్త రూల్: ప్రోటోకాల్ టీసీపీ, హోస్ట్ ఐపీ 127.0.0.1, హోస్ట్ పోర్ట్ 2222, గెస్ట్ ఐపీ ఖాళీ, గెస్ట్ పోర్ట్ 22.
4. హోస్ట్‌లో విన్‌ఎస్‌సీపీ (ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా ఫైళ్లు పంపే విండోస్ ప్రోగ్రాం) తెరిచి ఎస్‌ఎఫ్‌టీపీ ఎంచుకోండి. హోస్ట్ నేమ్ 127.0.0.1, పోర్ట్ 2222, ఆపైన గెస్ట్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి.
5. మొదటిసారి కీ గురించి అడుగుతుంది, ఒప్పుకోండి. ఎడమవైపు విండోస్ ఫైళ్లు, కుడివైపు గెస్ట్ ఫైళ్లు కనిపిస్తాయి.

హోస్ట్ ఐపీ గడిలో 127.0.0.1 రాయడం మరిచిపోవద్దు. ఖాళీగా వదిలేస్తే హాస్టల్ వైఫైలోనో ఆఫీసు నెట్‌వర్క్‌లోనో ఉన్న ఇతరులకూ ఆ పోర్టు తెరుచుకునే వీలుంది.

సర్వర్ నడుస్తోందా అని సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ ఎస్‌ఎస్‌హెచ్ కొడితే "ఇనాక్టివ్" అని రావచ్చు. కంగారు పడకండి. ఉబుంటు 22.10 నుంచి ఎవరైనా కనెక్ట్ అయినప్పుడే ఆ సర్వీసు లేస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్.సాకెట్ స్టేటస్ చూడండి, అది యాక్టివ్‌గా ఉంటే చాలు.

టెర్మినల్ అలవాటున్నవాళ్లు విండోస్‌లోనే ఉన్న ఎస్‌సీపీ అనే కాపీ కమాండ్ వాడొచ్చు. దానికి పోర్టు చెప్పే -పీ పెద్ద అక్షరం, ఎస్‌ఎస్‌హెచ్‌కి చిన్న అక్షరం. ఈ తేడా వల్ల వచ్చే ఎర్రర్ చూసి పోర్ట్ ఫార్వర్డింగ్ తప్పనుకుని మళ్లీ మొదటికి వెళ్లకండి. రెండో వీఎం ఉంటే దానికి 2223 లాంటి వేరే హోస్ట్ పోర్ట్ ఇవ్వండి.

## 8. తెలుగు పేర్లున్న ఫైళ్లు

ఫైలు పేరు తెలుగులో ఉంటే విండోస్‌లో బాగానే ఉండి, ఉబుంటులో కాపీ అవ్వనని మొరాయించవచ్చు. ఎర్రర్ "ఫైల్ నేమ్ టూ లాంగ్" అని వస్తుంది. పేరు చూస్తే అంత పొడవుగా అనిపించదు.

కారణం లెక్కలో ఉంది. లినక్స్ ఫైలు పేరుకి 255 బైట్లే ఇస్తుంది. యూటీఎఫ్-8లో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు, తెలుగు యూనికోడ్ గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి. కంటికి ఒకే అక్షరంలా కనిపించే "శ్రీ"లో శ, పొల్లు గుర్తు, ర, దీర్ఘం కలిసి నాలుగు గుర్తులున్నాయి. అంటే 12 బైట్లు. మొత్తం పేరులో 85 గుర్తులకు మించి పట్టవు. విండోస్ బైట్లను కాకుండా గుర్తులను లెక్కేస్తుంది కాబట్టి అక్కడ ఇంకా పొడవైన పేరు కూడా చెల్లుతుంది.

- పంపేముందు పొడవైన తెలుగు పేర్లను కుదించండి.
- ఇంగ్లిషు మాటలు రాసేటప్పుడు పొల్లు తర్వాత కంటికి కనిపించని విడదీసే గుర్తు చేరుతుంటుంది. దానికీ 3 బైట్లే. అది ఉన్న పేరు, లేని పేరు చూడ్డానికి ఒకేలా ఉన్నా కంప్యూటర్‌కి రెండు వేర్వేరు ఫైళ్లు.
- పాత జిప్ టూల్స్‌తో తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా మారతాయి. 7-జిప్‌తో దాని సొంత ఫార్మాట్‌లో కట్టి పంపండి.

ఎదురు దిశలోనూ ఒక చిక్కుంది. లినక్స్‌లో పేరులో కోలన్, ప్రశ్నార్థకం ఉండొచ్చు, విండోస్‌లో కుదరదు. పెద్ద, చిన్న అక్షరాల తేడాతో ఉన్న రెండు ఫైళ్లు విండోస్‌కి వస్తే ఒకదాని మీద ఇంకొకటి పడిపోతుంది.

## 9. నమ్మకం లేని గెస్ట్ అయితే

వైరస్ ఉందేమోనన్న ఫైలును పరీక్షించే వీఎంకి రాయగలిగే షేర్డ్ ఫోల్డర్ ఉండకూడదు. గెస్ట్‌లో రాన్సమ్‌వేర్ నడిస్తే, అది షేర్డ్ ఫోల్డర్‌లోని ఫైళ్లనూ లాక్ చేస్తుంది. అవి మీ హోస్ట్ ఫైళ్లే.

- క్లిప్‌బోర్డ్, డ్రాగ్ అండ్ డ్రాప్ రెండూ "డిజేబుల్డ్".
- షేర్డ్ ఫోల్డర్లన్నీ తీసేయండి.
- పంపాల్సిన ఫైళ్లను ఒక ఐఎస్‌ఓ ఇమేజ్‌గా (సీడీ నకలు లాంటి ఒకే ఫైలు) చేసి, వీఎంకి సీడీలా తగిలించండి. గెస్ట్ దాన్ని చదవగలదు, రాయలేదు.
- ఫైలు చేరాక నెట్‌వర్క్ అడాప్టర్‌ని "నాట్ అటాచ్డ్" చేయండి.
- పని అయ్యాక శుభ్రమైన స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్లండి. అలాంటి గెస్ట్ నుంచి ఫైళ్లు బయటికి తేకపోవడమే మంచిది.

ఐఎస్‌ఓ పద్ధతి నెట్‌వర్క్, గెస్ట్ అడిషన్స్ రెండూ లేని పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లకూ పనికొస్తుంది.

పెన్‌డ్రైవ్ కూడా ఒక దారే, డివైసెస్ మెనూలో యూఎస్‌బీ కింద దాన్ని ఎంచుకోవాలి. గెస్ట్‌కి ఇచ్చిన క్షణం నుంచి అది హోస్ట్‌లో కనిపించదు. గెస్ట్‌లో ఎజెక్ట్ చేశాకే మెనూలో టిక్ తీయండి. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ మించిన ఫైలు పట్టదు, ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ చేసుకోండి.

గెస్ట్ అసలు బూటే కాకపోతే, వీఎం పూర్తిగా ఆపి, వీడీఐ డిస్క్ ఫైలును 7-జిప్‌లో తెరిచి లోపలి ఫైళ్లను బయటికి తీసుకోవచ్చు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే కుదరదు. స్నాప్‌షాట్లు ఉంటే అసలు వీడీఐలో పాత స్థితి మాత్రమే ఉంటుంది.

## 10. వేరే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే

వీఎంవేర్ వర్క్‌స్టేషన్: గెస్ట్‌లో ఓపెన్-వీఎం-టూల్స్-డెస్క్‌టాప్ ప్యాకేజీ ఎక్కించండి. వీఎం సెట్టింగ్స్‌లో ఆప్షన్స్ ట్యాబ్‌లో షేర్డ్ ఫోల్డర్స్ ఆన్ చేయండి. గెస్ట్‌లో ఎంఎన్‌టీ కింద హెచ్‌జీఎఫ్‌ఎస్ అనే ఫోల్డర్‌లో వెతకండి.

హైపర్-వీ: విండోస్ గెస్ట్ అయితే ఎన్‌హాన్స్‌డ్ సెషన్‌తో కనెక్ట్ అయ్యేటప్పుడు షో ఆప్షన్స్, లోకల్ రిసోర్సెస్, మోర్ నొక్కి కావాల్సిన డ్రైవ్‌ని ఎంచుకోవచ్చు. లినక్స్ గెస్ట్‌కి ఎస్‌ఎస్‌హెచ్ దారే తిన్ననైనది.

లినక్స్ హోస్ట్ మీద కేవీఎం: వర్ట్-మేనేజర్‌లో మెమరీ కింద షేర్డ్ మెమరీకి టిక్ పెట్టి, వర్ట్‌ఐఓఎఫ్‌ఎస్ రకం ఫైల్‌సిస్టమ్ చేర్చండి. ఆ టిక్ పెట్టకపోతే వీఎం మొదలవ్వదు.

## 11. చేరిందో లేదో సరిచూసుకోవడం

పెద్ద ఫైలు పంపాక అసలు దాన్ని చెరిపేముందు రెండు వైపులా చెక్‌సమ్ (ఫైలు లోపలి సమాచారం నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్య) చూడండి. సైజు ఒకటే అయినంత మాత్రాన లోపలిది ఒకటే అని కాదు.

- విండోస్‌లో: సెర్ట్‌యుటిల్ -హ్యాష్‌ఫైల్, ఫైలు పేరు, చివర ఎస్‌హెచ్‌ఏ256.
- ఉబుంటులో: ఎస్‌హెచ్‌ఏ256సమ్, ఫైలు పేరు.
- రెండు చోట్లా వచ్చిన పొడవాటి సంఖ్య మొదటి నుంచి చివరిదాకా ఒకటే ఉండాలి.

గెస్ట్‌లోకి కాపీ అయిన వెంటనే వీఎం విండో మూసి "పవర్ ఆఫ్" ఎంచుకుంటే, ఇంకా డిస్క్ మీదికి చేరని భాగం పోతుంది. గెస్ట్ లోపలి నుంచే షట్‌డౌన్ చేయండి.

ఇంకా తరచుగా ఎదురయ్యే లోపాలు, వాటికి మందు:

- ఫోల్డర్ అసలు కనిపించడం లేదు: ఆటో-మౌంట్ టిక్, ఆ తర్వాత గెస్ట్ అడిషన్స్ చూడండి.
- కనెక్షన్ రెఫ్యూజ్డ్: ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఎక్కలేదు, లేదా పోర్ట్ నంబర్ తప్పు.
- వీఎం మళ్లీ ఇన్‌స్టాల్ చేశాక కీ మారిందన్న హెచ్చరిక: మార్చింది మీరే అయితే, విండోస్ యూజర్ ఫోల్డర్‌లో డాట్ ఎస్‌ఎస్‌హెచ్ కింద నోన్_హోస్ట్స్ ఫైల్లో 2222 ఉన్న పాత వరసలు తీసేయండి. మీరు ఏమీ మార్చకుండా వస్తే ఆగి కారణం వెతకండి.
- విండోస్‌లో రాసిన షెల్ స్క్రిప్ట్ "కెనాట్ ఎగ్జిక్యూట్: రిక్వైర్డ్ ఫైల్ నాట్ ఫౌండ్" అంటుంది: వరస చివర ఉండే విండోస్ గుర్తుల వల్ల. డాస్2యునిక్స్ ఎక్కించి ఆ ఫైలు మీద నడపండి.
- చోటు లేదంటుంది, హోస్ట్‌లో మాత్రం బోలెడు ఉంది: నిండింది గెస్ట్ వర్చువల్ డిస్క్. వీఎం ఆపి మీడియా మేనేజర్‌లో దాని సైజు పెంచాక, గెస్ట్ లోపల పార్టిషన్‌ని కూడా విడిగా పెంచాలి. ముందు బ్యాకప్ తీసుకోండి.